మిగులు గంటలు

పరాయి దేశాల నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్లలు మా కాలేజీలో వారానికి ఇరవై గంటలే పని చెయ్యాలి. దాటితే వీసా పోతుంది. ఈ సంగతి గిన్నెల గది గోడకి కాగితం అంటించి మరీ చెప్పారు. ఆవిరికి ఆ కాగితం ఉబ్బి, అంచులు నల్లబడి, ఎవరూ తలెత్తి చూడని వస్తువైపోయింది. నేను మాత్రం దాన్ని పంతొమ్మిదేళ్ళు నాకు కావలసినట్టు చదువుకున్నాను. ఇరవై దాటి రాయకూడదు అని.

రాసేది నేనే. మెస్సులో గిన్నెల గదికి నేను పెద్దని. పెద్ద అంటే గొప్పేం కాదు, అందరికంటే ఎక్కువ కాలం తడిసినవాణ్ణని. పిల్లలు తిని వదిలేసిన ట్రేలు గోడలోని కంతలోంచి కదిలే పట్టీ మీద మా వైపు వస్తాయి. ఎంగిలి దులిపి, మిషన్లోకి తోసి, అవతలి కొసన పొగలు కక్కే పళ్ళేల్ని ఎత్తి పేర్చాలి. ఈ పనికి పదో తరగతి అక్కర్లేదు. నా దగ్గర అది లేదు కూడా. శుక్రవారం శుక్రవారం ఎవరెన్ని గంటలు నిలబడ్డారో కాగితం మీద రాసి, వాళ్ళ చేత సంతకం పెట్టించి, మేనేజరు పెట్రీ బల్ల మీద పడేసేవాణ్ణి.

ఎవరైనా ఒక వారం ఇరవైకి మించి నిలబడితే ఇరవయ్యే రాసేవాణ్ణి. మిగిలినవి తర్వాతి వారాల్లో, మనిషి తక్కువ పని చేసినప్పుడు, కలిపి సర్దేవాణ్ణి. మిగులు అనేవాళ్ళం వాటిని. నాకు మూడు మిగులున్నాయి డెల్, నాకు ఐదున్నాయి డెల్ అని పిల్లలే గుర్తు చేసేవాళ్ళు. నాకు ముందు ఆ గదిని చూసిన ముసలాయన నేర్పిన పద్ధతి అది. ఎవరి కష్టమూ ఎక్కడికీ పోయేది కాదు, కాగితమూ శుభ్రంగా ఉండేది. ఇందులో తప్పుందని ఎవరైనా అంటే, వాడి చేతులెప్పుడూ తడవలేదు కాబోలు అనుకునేవాణ్ణి.

సొలొంగో మంగోలియా పిల్ల. అప్పటికి రెండో ఏడు చదువుతోంది. వాళ్ళ ఊరి పక్కన గని తవ్వాక బావులన్నీ ఎండిపోయాయట. నేల కింద నీళ్ళు ఎటు పోతాయో చదువుకుని, వెళ్ళి వెతుకుతానని చెప్పేది. పొట్టి మనిషి. రబ్బరు ఏప్రను మోకాళ్ళు దాటి బూట్ల మీద పడేది. నవంబరులో మేమంతా కోట్లలోకి దూరితే తను స్వెట్టరు మీద తిరుగుతూ, ఇంకా చలి రాలేదుగా, ఎందుకంత కంగారు అనేది. వాళ్ళలో పెద్దవాళ్ళని వట్టి పేరుతో పిలవరట. నన్ను డెల్ అన్నా అనేది. మొదట్లో చిరాకు పడ్డాను. తర్వాత ఇంకెవరైనా డెల్ అని ఊరుకుంటే ఏదో తగ్గినట్టుండేది.

ఆదివారాలు మా ఇంటికి వచ్చేది. మాకు పిల్లల్లేరు. నా భార్య లోర్నాకి కీళ్ళ జబ్బు. వేళ్ళు ఒక పక్కకి వంగిపోయి ఉంటాయి. పదిహేను రోజులకోసారి ఒక సూది వేసుకుంటే మనిషి లేచి తిరుగుతుంది, వేసుకోకపోతే కుర్చీలోంచి లేవదు. నా ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్సు మీదే ఆ సూది వస్తుంది. ఆ మందు సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్ళు వేరే రకం మనుషులు, వాళ్ళ ఇళ్ళు వేరే వీధిలో ఉంటాయి.

*

ఫిబ్రవరి మొదటి ఆదివారం సాయంత్రం మంచు తుఫాను మొదలైంది. తెల్లారేసరికి రోడ్లు లేవు. కార్లు ఎక్కడెక్కడున్నాయో గుర్తుపట్టడానికి వాటి ఏరియళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. మా గదిలో పనిచేసే తొమ్మిదిమందిలో ఏడుగురు ఊరి బయట ఇరుక్కుపోయారు, ఒకడికి జ్వరం. హాస్టళ్ళలో ఆరువందల మంది పిల్లలు మాత్రం ఎక్కడికీ పోలేదు. వాళ్ళకి మూడు పూటలా ఆకలేస్తుంది.

నేను ఆ రాత్రే వచ్చి సరుకుల గదిలో పిండి బస్తాల మీద పడుకున్నాను. పొద్దున ఏడింటికి వెనక తలుపు ఎవరో కాలితో తన్నారు. తీస్తే సొలొంగో. బూట్లకి ప్లాస్టిక్ సంచులు తొడిగి తాడుతో బిగించింది. కనుబొమల మీద మంచు. ఎంతమందిమి అని అడిగింది. నువ్వూ నేనూ అన్నాను. సరే అని ఏప్రను తీసుకుంది.

సోమవారం నుంచి గురువారం దాకా అలాగే గడిచింది. కాలేజీకి క్లాసుల్లేవు గాని సెలవని ఎవరూ ప్రకటించలేదు, రేపు తెరుస్తాం, రేపు తెరుస్తాం అంటూ పోయారు. సెలవని ఒక ముక్క చెప్పి ఉంటే ఈ కథే లేదు. సెలవుల్లో ఎన్ని గంటలైనా పని చెయ్యొచ్చు ఆ పిల్లలు. మంగళవారం సాయంత్రానికి ఆమెకి ఇరవై నిండిపోయాయి. ఉండమని నేనే అడిగాను. ఆ పిల్ల తనంతట తను ఉండిపోయిందని అప్పట్లో ఒకరిద్దరితో అన్నాను గాని, అడిగింది నేనే. గురువారం రాత్రి భోజనాలయ్యేసరికి ముప్పై ఎనిమిది.

శుక్రవారం కాగితం మీద ఇరవై రాసి ఆమె ముందు పెట్టాను. పద్దెనిమిది మిగులు, మెల్లగా సర్దుతాను అన్నాను. ఆమె పెన్ను పట్టుకుని ఆ అంకె చూసింది. విదేశీ పిల్లల ఆఫీసులో కీలర్ గారు మొదటి రోజే రెండుసార్లు చెప్పారు, ఇరవై అంటే ఇరవై అని, ఇది తప్పు కాదు కదా అంది.

"కీలర్ ఎప్పుడైనా పళ్ళెం కడిగాడా?" అన్నాను.

నవ్వి సంతకం పెట్టింది.

ఆ తర్వాత మూడు వారాలూ ఆమె చేత పద్నాలుగేసి గంటలు చేయించి ఇరవయ్యేసి రాశాను. వారానికి ఆరు చొప్పున మిగులు తీరిపోయింది. ఆ ఆరు ఎక్కడో ఒకచోట కనబడాలి కదా. బుధవారం సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది, గురువారం సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది అని రాశాను. మూడు వారాలూ అదే. వేరే వేళలు ఆలోచించడానికి బద్ధకం.

ఆ మధ్యలోనే వాళ్ళ కొత్త సంవత్సరం వచ్చింది. తెల్లారకముందే ఇంటికొచ్చి పిండి కలిపింది. మాంసం కుడుములు వందకి పైగా చేశారు ఇద్దరూ. వేళ్ళతో మూతి నొక్కడం లోర్నాకి చేతకావడం లేదు. మీరు మాంసం పెట్టండి అక్కా, మూతి సంగతి నేను చూసుకుంటాను అంది ఆ పిల్ల. తర్వాత పట్టు గౌను వేసుకుని వచ్చి, రెండు చేతులూ చాచి ముందు లోర్నా మోచేతుల కింద, తర్వాత నా మోచేతుల కింద ఆనించి నిలబడింది. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళని అలా పట్టుకోవాలట ఆ రోజున. పడిపోకుండా ఆపుతున్నట్టు ఉంటుంది. లోర్నా ఏడ్చింది. నేను కుడుములు బాగున్నాయన్నాను.

*

మార్చి మధ్యలో ఒకరోజు, మధ్యాహ్న భోజనాలయి పట్టీ ఆపేశాక, సొలొంగో వచ్చింది. ఆ రోజు ఆమెకి పని లేదు. చేతిలో పల్చటి కవరు. డీన్ ఆఫీసు నుంచి. నేను చదవడం నెమ్మది, అందుకని తనే చదివి వినిపించింది. ఫిబ్రవరి ఇరవై ఏడు బుధవారం సాయంత్రం ఆరింటికి మీరు రసాయనశాస్త్రం పరీక్ష హాల్లో ఉన్నట్టు సంతకం ఉంది. అదే వేళకి మెస్సులో పనిలో ఉన్నట్టు కూడా మీ సంతకం ఉంది. పరీక్ష ఎవరు రాశారో విచారణకి వచ్చి చెప్పండి. చాలా మర్యాదగా ఉంది ఉత్తరం. చివర శుభాకాంక్షలతో అని కూడా ఉంది.

ఆ పరీక్షలో ఎవడో కుర్రాడు తన బదులు ఇంకొకణ్ణి పంపి దొరికాడట. దాంతో పరీక్ష రాసిన ప్రతి ఒక్కరి పేరూ పట్టుకుని, ఆ వేళకి వాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నారేమోనని కాలేజీలో ఉన్న కాగితాలన్నీ తిరగేశారు. నా కాగితం వాళ్ళకి దొరికింది. పంతొమ్మిదేళ్ళలో నా కాగితాన్ని ఒకరు చదవడం అదే మొదటిసారి.

ఆ పిల్ల ఏడవలేదు. బోర్లించిన ట్రేల బండి మీద కూర్చుని లెక్క చెప్పినట్టు చెప్పింది. అన్నీ అప్పటికే ఆలోచించుకుని వచ్చింది. ఆ సాయంత్రం మెస్సులోనే ఉన్నానంటే పరీక్ష వేరేవాళ్ళు రాసినట్టు. కాలేజీ వెళ్ళగొడుతుంది. పరీక్షే రాశాను, ఆ గంటలు తుఫాను వారంలోవి అంటే, ఆ వారం ముప్పై ఎనిమిది గంటలు పని చేసినట్టు. వీసా పోతుంది, మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. రెండిట్లో ఏదైనా చదువు ఇక్కడితో సరి.

"మరి?" అన్నాను.

"ఇంకోటి ఉంది. అది నా చేతిలో లేదు." కవరుని మడిచి మళ్ళీ విప్పింది. "ఆ పద్దెనిమిది గంటలూ నేను అసలు పని చెయ్యలేదని చెప్పండి డెల్ అన్నా. మీరే ఊరికే రాశారని. నేను చూసుకోకుండా సంతకం పెట్టాను. అప్పుడు తుఫాను వారం ఇరవయ్యే. పరీక్ష రాసిందీ నేనే."

"అంటే నేను దొంగ గంటలు రాశానని."

"అవును."

మిషన్ చల్లారుతూ లోపల ఎక్కడో టక్కుటక్కుమంటోంది. ఆ పిల్ల లేచి నిలబడింది. మీకేమవుతుందో నాకు తెలియదు, ముందు అది కనుక్కోండి, కనుక్కున్నాకే చెప్పండి, నాకిప్పుడే మాటివ్వొద్దు అంది. నేను ఇచ్చే ఉద్దేశంలో ఉన్నానని అనుకుంది కాబోలు.

*

మర్నాడు పెట్రీ గదికి వెళ్ళాను. ఆవిడ నాకంటే పదేళ్ళు చిన్నది, నాకంటే తొందరగా అన్నీ అర్థమవుతాయి. వేరే ఊళ్ళో నా స్నేహితుడొకడు ఇలాంటి పనిలో ఉన్నాడని మొదలుపెట్టాను. ఆవిడ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది.

ఒక వారం పనిని ఇంకో వారంలో రాస్తే ఏమవుతుంది వాడికి అని అడిగితే, చెయ్యొద్దని ఒక ఉత్తరం ఇస్తారు, అంతే, సగం డిపార్టుమెంట్లలో అదే జరుగుతోంది అంది. చెయ్యని పనిని రాస్తే ఆ రోజే గేటు బయట, ఇన్సూరెన్సు నెలాఖరు దాకా అంది. ఇవన్నీ కాఫీలో చక్కెర కలుపుతూ చెప్పింది.

"ఎవరి సంగతి ఇది, డెల్?"

"ఎవరిదీ కాదు."

"మంచిది. ఎవరిదీ కాకుండానే ఉండనీ."

విచారణకి ఇంకా పది రోజులుంది. ఆ పది రోజుల్లో అందరూ నాతో మెత్తగా మాట్లాడారు. వంటవాళ్ళు నా ప్లేటులో ఇంకో ముక్క వేసేవాళ్ళు. జీతాల ఆఫీసు నుంచి ఎవరో వచ్చి పాత గంటల కాగితాల పెట్టెలు రెండు తీసుకెళ్ళారు, సంతకం కూడా పెట్టించుకోలేదు. సొలొంగో తన వేళకి వచ్చి, తన గంటలు నిలబడి, వెళ్ళిపోయేది. నా వైపు చూసేది కాదు. అడిగిన దాన్ని మళ్ళీ అడిగినట్టవుతుందని. మంచు కరిగి చూరుల నుంచి రోజంతా కారుతూ ఉండేది. రాత్రికి మళ్ళీ గడ్డకట్టేది.

లోర్నాకి నేనేమీ చెప్పలేదు. ఆదివారం ఆ పిల్ల రాకపోయేసరికి తనే కారేసుకుని హాస్టలుకి వెళ్ళింది. మూడు గంటల తర్వాత వచ్చింది. నేను గరాజులో ట్రక్కు కింద పడుకుని ఉన్నాను. నా కాళ్ళ దగ్గర నిలబడి మాట్లాడింది. నాకు ఆమె చెప్పులు మాత్రం కనిపిస్తున్నాయి.

"చెప్పెయ్, డెల్."

"సూది సంగతి?"

"సూది రాకముందు ఆరేళ్ళు బతికాను."

"కుర్చీలో బతికావు."

"కుర్చీలో బతికాను. చావలేదుగా." చెప్పులు ఇంకాస్త దగ్గరికి వచ్చాయి. "నీకింకో పని దొరుకుతుంది. దొరక్కపోతే దొరకదు. ఆ పిల్లకి ఇంకో చదువు దొరకదు. ఆ కాగితం నువ్వు రాశావు, ఆ పిల్ల రాయలేదు."

చెప్తాలే అన్నాను. నట్టు బిగిస్తూ అన్నాను. ఆ చెప్పులు ఇంకాసేపు అక్కడే ఉండి వెళ్ళిపోయాయి.

విచారణ రోజు పొద్దున కుర్చీ మీద నా తెల్లచొక్కా ఇస్త్రీ చేసి ఉంది. ఆ చేతులతో ఇస్త్రీ పెట్టె ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి ఆమెకి. కాలరు దగ్గర ఒక మడత ఉండిపోయింది. అది తప్ప అంతా నున్నగా ఉంది.

*

ఆ గదిలో పొడుగు బల్ల, నీళ్ళ జగ్గు, ఎవరూ తాగని గ్లాసులు. మధ్యలో డీన్ ఆఫీసు ఆవిడ, అటు కీలర్, ఇటు పెట్రీ. కొసన సొలొంగో. కొత్త సంవత్సరం నాటి పట్టు గౌను వేసుకొచ్చింది. ఆమె దగ్గర మంచి బట్ట అదొక్కటే అయ్యుంటుంది.

డీన్ ఆఫీసు ఆవిడ నన్ను క్రౌజ్ గారూ అని పిలిచి, వచ్చినందుకు ధన్యవాదాలు చెప్పి, మీ పని వేళ పాడుచేస్తున్నందుకు ఏమీ అనుకోవద్దంది. తర్వాత మూడు వారాల కాగితాలూ నా ముందుకి జరిపింది. నా రాతే. బుధవారం, గురువారం, బుధవారం, గురువారం. సంతోషంగా రాసినట్టు గుండ్రంగా ఉన్నాయి అక్షరాలు.

"ఒక్క ముక్క చెప్పండి చాలు. ఈ పద్దెనిమిది గంటలూ ఈ అమ్మాయి పని చేసిందా, చెయ్యలేదా?"

చెయ్యలేదు, నేనే రాశాను. దారి పొడుగునా ట్రక్కులో ఆ రెండు ముక్కలూ పైకే అనుకుంటూ వచ్చాను. నోరు తెరిచే ముందు పెట్రీ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడకుండా తన గోళ్ళు చూసుకుంటోంది. ఈ మాట అయ్యాక ఈ ముగ్గురూ నా పాత పెట్టెలన్నీ తిరగేసి, పంతొమ్మిదేళ్ళ నుంచీ ఎంత తిన్నాడో అని లెక్కవేస్తారు. మెస్సులో ప్రతివాడూ అంటాడు. గిన్నెలు కడుక్కునే వెధవ, దొంగ గంటలు రాసుకున్నాడు, చదువులేనివాళ్ళతో ఇంతే. సూది గురించి కూడా ఆలోచించాను. కాని ముందు తోచింది ఇది.

"చేసింది," అన్నాను. "నా కళ్ళతో చూశాను. అవి తుఫాను వారం నాటివి, నేనే తర్వాత సర్ది రాశాను. ఇలాంటి పనిమంతురాలు నాకు పంతొమ్మిదేళ్ళలో దొరకలేదు. ఊళ్ళో ఒక్కరూ రానప్పుడు ఈ పిల్ల నడిచి వచ్చి నాలుగు రోజుల్లో ముప్పై ఎనిమిది గంటలు నిలబడింది. ఇలాంటి పిల్ల పరీక్షలో మోసం చెయ్యదు."

బల్ల చుట్టూ గాలి తేలికపడింది. డీన్ ఆఫీసు ఆవిడ నవ్వి, అయితే పరీక్ష తనే రాసిందన్నమాట, మాకు కావలసింది అంతే అంటూ ఆ కాగితాలు దొంతి పెట్టుకుంది. పెట్రీ మొదటిసారి నీళ్ళు పోసుకుంది. కీలర్ ఒక్కడే కదల్లేదు. బక్క మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. నన్నే చూస్తూ, చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఎన్ని గంటలన్నారు?"

మళ్ళీ అడిగాడు. అడగాల్సిన పని లేదు, స్పష్టంగానే విన్నాడు. పొరపాటు చెప్పానండీ, ఆ వారం ఇరవయ్యే అని నేను అనడానికి నాకు చోటిచ్చాడు. అది నాకు అక్కడే, ఆ కుర్చీలోనే అర్థమైంది. తర్వాత అర్థమైందని చెప్పుకుంటే బాగుంటుంది గాని, అక్కడే అర్థమైంది.

"ముప్పై ఎనిమిది," అన్నాను.

కీలర్ పెన్నుకి మూత పెట్టాడు.

బయటికి వచ్చేటప్పుడు తలుపు దగ్గర సొలొంగో పక్కకి తప్పుకుని నాకు దారిచ్చింది. థాంక్యూ మిస్టర్ క్రౌజ్ అంది. వెటకారం లేదు. పెద్దవాళ్ళకి అలాగే చెప్పాలని నేర్పి ఉంటారు.

*

డీన్ ఆఫీసు ఆవిడ నాతో చెయ్యి కలిపి, ఈ రోజుల్లో ఇంత సూటిగా మాట్లాడేవాళ్ళు అరుదు అంది. వారం తర్వాత పెట్రీ బల్ల మీద నా పేరుతో ఒక ఉత్తరం ఉంది. ఇకమీదట ఏ వారం పని ఆ వారమే రాయవలెను. అంతే. గంటల కాగితాలు తీసేసి వేలిముద్ర మిషన్ పెట్టారు. గోడ మీద కాగితం కూడా కొత్తది అంటించారు, ప్లాస్టిక్ తొడుగుతో.

కీలర్ ఒక మధ్యాహ్నం గిన్నెల గది వెనక మెట్ల దగ్గరికి తనే వచ్చాడు. నా చెవిన పడ్డాక ప్రభుత్వానికి రాయక తప్పదు, రాశాను అన్నాడు. పడకుండా ఉంటే రాసేవాణ్ణి కాదని అనలేదు. మీరు ఆ అమ్మాయికి మేలు చేద్దామనే చెప్పారు, పాపం మీకు రూలు తెలియదు కదా అని నా భుజం తట్టి వెళ్ళాడు. మెస్సులో కూడా ఆ మాటే పాకింది. డెల్ గాడు పొగడబోయి ఆ పిల్లని ముంచాడు, వాడికేం తెలుసు పాపం అని. పదో తరగతి లేకపోవడం నా బతుకులో నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే. కాదనలేదు. ఉంచుకున్నాను.

విచారణ అయిన సాయంత్రం లోర్నా పొయ్యి దగ్గర ఉంది. చొక్కా మార్చుకోకుండా కుర్చీలో కూర్చున్నాను. ఏం చెప్పావు అని అడిగింది.

"ఉన్నదున్నట్టు చెప్పాను."

పొయ్యి ఆపేసింది. కూర ఇంకా ఉడకలేదు. నేను ఆమె వీపుతో చాలాసేపు మాట్లాడాను. ఉద్యోగం, ఇన్సూరెన్సు, డాక్టరు చెప్పిన మాటలు, ఆరేళ్ళ కుర్చీ, అన్నీ. నీకోసమే అన్నాను. అప్పుడు తిరిగింది.

"నా పేరు దీంట్లోకి తేకు."

తర్వాత పొయ్యి వెలిగించి, కూర ఉడికించి, వడ్డించింది. దాని మీద ఇంకో మాట లేదు. ఆ రోజుకీ లేదు, ఆ నెలకీ లేదు.

సొలొంగోకి దేశం వదలడానికి పదిహేను రోజులిచ్చారు. ఏప్రిల్ మొదట్లో లోర్నానే ఒమాహా విమానాశ్రయానికి దింపింది. రెండు గంటల దారి. సామాను నేను ఎక్కిస్తానని హాస్టలు దగ్గరికి వెళ్ళాను. అప్పటికే ఎక్కించేసుకున్నారు. ఆ పిల్ల ముందు సీట్లో కూర్చుని ఒళ్ళో రాళ్ళ గురించిన తన పాఠాల పుస్తకం పెట్టుకుని ఉంది. అద్దం దించి, ఉంటాను అంది. లోర్నా కారు తీసేసింది. ఆ రోజు ఎప్పుడు ఇంటికొచ్చిందో నాకు తెలియదు. నేను మెస్సులో ఉన్నాను, సాయంత్రం పట్టీ మీద ట్రేలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తూనే ఉన్నాయి, తియ్యడానికి చేతులు చాలలేదు.

*

మే నెలలో లోర్నా పొద్దున్నే లేవడం మొదలుపెట్టింది. మొదటి రోజు చర్చి పనేమో అనుకున్నాను. రెండో రోజు అడిగితే, పక్క ఊళ్ళో గుడ్ల ఫ్యాక్టరీలో చేరానంది. పట్టీ మీద గుడ్లు వస్తాయట, పగిలినవీ చీలినవీ ఏరెయ్యాలి. వాళ్ళ దగ్గర సొంత ఇన్సూరెన్సు వస్తుందట, అరవై రోజులు నిలబడితే. ఆ అరవై రోజులూ నా ఇన్సూరెన్సు సూది వేసుకోనంది. సూదుల డబ్బా ఇంటికి పంపొద్దని మందుల షాపువాడికి అప్పటికే చెప్పేసింది.

యాభై మూడేళ్ళ మనిషి. నలభయ్యో రోజుకి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయింది. నేను పెడతానని దగ్గరికి వెళితే, తల మీంచి తొడుక్కునే చొక్కాలు రెండు కొనుక్కుంది. మెట్లు దిగేటప్పుడు గోడకి ఆనుకుని ఒక్కో మెట్టుకి ఆగేది. నేను చూస్తున్నానని తెలిస్తే ఆగేది కాదు.

యాభై ఒకటో రోజో యాభై రెండో రోజో, ఇంకా తెల్లారకముందే వంటింట్లో దీపం వేసి ఉంది. లోర్నా మధ్యాహ్నం భోజనానికి డబ్బా సర్దుకుంటోంది. మూత నొక్కడానికి చేతులు రాక ముంజేతితో అదిమింది. నాకు కోపం వచ్చింది. ఈ చేతులతో నిన్నెలా తీసుకున్నారు వాళ్ళు, కళ్ళు లేవా అన్నాను.

"అడిగారు," అంది. "చేరే రోజునే అడిగారు. రోజుకి ఎనిమిది గంటలు నిలబడగలవా, చేతులకేమైనా ఇబ్బంది ఉందా అని."

"ఏమన్నావు?"

"ఏ ఇబ్బందీ లేదన్నాను. చేతులు వెనక పెట్టుకుని అన్నాను." డబ్బాని మోచేతి వంపులో ఇరికించుకుంది. "ఎంతోసేపు పట్టలేదు, డెల్. అబద్ధం చెప్పడం."

భుజంతో తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.